గుప్పెడు మట్టి: గ్రీకులు, వారి మృతులు

సభకు నమస్కారం.

గ్రీకుల గురించి మాట్లాడమంటే చాలామంది ఒలింపస్ కొండ మీది దేవతలతోనో, ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్‌తోనో మొదలుపెడతారు. నేను శవంతో మొదలుపెడుతున్నాను. సాయంత్రం పూట ఇదేం ప్రసంగమని అనుకోకండి. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన ఇలియడ్ కావ్యం కూడా అలాగే మొదలవుతుంది. పదిహేను వేల ఆరువందలకు పైగా పంక్తులున్న ఆ కావ్యంలో మొట్టమొదటి మాట కోపం. గ్రీకు వీరుడు అకిలీస్ కోపం ఏం చేసిందో కవి వెంటనే చెబుతాడు: ఎందరో వీరుల ప్రాణాలను పాతాళానికి పంపింది, వారి దేహాలను కుక్కల పాలు, పక్షుల పాలు చేసింది. అదే కావ్యం చివరి పంక్తికి వచ్చేసరికి, గుర్రాలను లొంగదీసే ట్రాయ్ వీరుడు హెక్టర్‌కు అంత్యక్రియలు ఆ విధంగా జరిగాయని చెప్పి కవి ఊరుకుంటాడు. కొయ్యగుర్రం ఇలియడ్‌లో లేదు, ట్రాయ్ పతనం లేదు, అకిలీస్ మరణం కూడా లేదు. కుక్కలు పీక్కుతిన్న శవాలతో మొదలై, పగవాడి శవానికి దక్కిన మర్యాదతో ముగిసే కావ్యమది.

చచ్చిన పగవాడిని ఏం చేయాలన్నది ఆ రెండు కొసల నడుమ నలిగే ప్రశ్న. దాన్ని గ్రీకులు కావ్యంలో అడిగి వదిలేయలేదు. నాటకశాలలో అడిగారు, యుద్ధభూమిలో అడిగారు, చివరకు తమ సొంత సేనానులను విచారించిన సభలోనూ అడిగారు. గ్రీకుల పురాణం ఒకటి, చరిత్ర ఒకటి, ఆచారం ఒకటి అని వేర్వేరుగా చదవడం మనకు అలవాటైపోయింది. శవసంస్కారం దగ్గర మాత్రం ఈ మూడింటినీ విడదీయడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

ముందు ఆచారం సంగతి. ఇంట్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు దేహానికి స్నానం చేయించి, నూనె రాసి, బట్ట చుట్టి, మంచం మీద పడుకోబెట్టేవారు. దీన్ని ప్రోథెసిస్ అనేవారు. మంచం చుట్టూ చేరి, తలమీద చేతులు పెట్టుకుని శోకాలు పెట్టేవారు. మూడో రోజు తెల్లవారక ముందే దేహాన్ని ఊరి బయటికి తీసుకెళ్లేవారు; అది ఎక్ఫొరా. పాతాళపు నదిని దాటించే పడవవాడు కరోన్‌కు కూలిగా నోట్లో ఒక చిన్న నాణెం పెట్టే అలవాటు కూడా ఉండేది. దహనమా, ఖననమా అన్న పట్టింపు లేదు. ఒక్కో కాలంలో ఒక్కో పద్ధతి ఎక్కువగా నడిచింది, దహనం చేసినా అస్థికలను ఏరి మట్టి కిందే దాచేవారు. ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో మీటరున్నర దాటిన ఎత్తుతో ఒక మట్టికుండ ఉంది. క్రీ.పూ. 750 ప్రాంతంలో చేసి, డిపిలాన్ ద్వారం దగ్గరి శ్మశానంలో ఒక సమాధి మీద గుర్తుగా నిలబెట్టినది. ఒంటినిండా గీతలు, గళ్లు, మెలికలు. రెండు పిడుల మధ్య మాత్రం మంచం మీద ఒక దేహం, అటూ ఇటూ తలమీద చేతులు పెట్టుకున్న మనుషులు. హోమర్ కావ్యాలు రూపు కట్టిన కాలానికి అది దగ్గరి కాలమే.

ఈ శోకాలు ఎంత బలమైనవో తెలుసుకోవాలంటే ఏథెన్స్ వాటి మీద చేసిన చట్టాన్ని చూడాలి. క్రీ.పూ. 6వ శతాబ్దం ఆరంభంలో శాసనకర్త సోలోన్ చేసినవిగా చెప్పే నియమాల ప్రకారం ఒళ్లు రక్కుకుంటూ ఏడవకూడదు, కట్టిన పాటలతో శోకించకూడదు, దగ్గరి బంధువులు తప్ప అరవై ఏళ్లు నిండని స్త్రీలు శవం వెంట నడవకూడదు. ఏడుపును అదుపు చేయడానికి ఒక నగరం చట్టం చేయవలసి వచ్చిందంటే, పెద్ద కుటుంబాల చావులు వీధిలో బలప్రదర్శనలుగా మారి ఉంటాయని నేననుకుంటాను. ఒక చావు ఏడుపులోంచి పగ పుట్టడం ఎంతసేపు?

సంస్కారం జరగని మనిషి గతి ఏమిటో హోమరే రెండు చోట్ల చెబుతాడు. హెక్టర్ చేతిలో చచ్చిన ప్రాణమిత్రుడు పాట్రొక్లస్ ప్రేతం నిద్రపోతున్న అకిలీస్ తల దగ్గరికి వచ్చి, నన్ను మరిచిపోయి నిద్రపోతున్నావు, త్వరగా దహనం చేయి, లోపలి ప్రేతాలు నన్ను నది దాటనివ్వడం లేదు అంటుంది. హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీలో ఎల్పెనోర్ అనే అనామక నావికుడు తాగిన మత్తులో మంత్రగత్తె కిర్కీ ఇంటి కప్పు మీద నుంచి పడి మెడ విరిగి చచ్చిపోతాడు. తొందరలో ఎవరూ అతడి శవాన్ని పట్టించుకోరు. పాతాళపు వాకిట వాళ్ల నాయకుడు ఒడిస్యూస్‌కు మొదట ఎదురైనది అతడే. వాడు కోరిన కోరిక కూడా ఎంతటిది? తన దేహాన్ని కాల్చి, సముద్రపు ఒడ్డున దిబ్బ పోసి, బతికుండగా తాను వేసిన తెడ్డును దాని మీద పాతాలి, అంతే.

ఇక్కడ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన ఒక కథ చెప్పక తప్పదు, ఎందుకంటే అందులో మన దేశం కూడా ఉంది. పారశీక రాజు డేరియస్ తన కొలువులోని గ్రీకులను పిలిచి, ఎంత డబ్బిస్తే మీ తండ్రుల శవాలను తింటారని అడిగాడట. ఎంతిచ్చినా తినమన్నారు. తర్వాత ఆ గ్రీకుల ఎదుటే, తల్లిదండ్రుల శవాలను తినే కల్లాటియాయి అనే భారతీయులను పిలిపించి, ఎంతిస్తే మీ తండ్రులను కాలుస్తారని అడిగాడట. వాళ్లు హాహాకారాలు చేసి, అలాంటి మాట నోట రానివ్వవద్దని వేడుకున్నారట. అటువంటి భారతీయులు నిజంగా ఉన్నారా అన్న చర్చలోకి నేను పోను. ఆచారమే అందరికీ రాజు అన్న కవి పిండార్ మాటను హెరొడోటస్ ఈ కథ చివర తలుచుకుంటాడు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఒక గ్రీకు రచయిత తన జాతి ఆచారాన్నీ, ఎక్కడో తూర్పున ఉన్నవారి ఆచారాన్నీ ఒకే తక్కెడలో తూచడం, అదీ శవసంస్కారం విషయంలో తూచడం, చిన్న సంగతి కాదు.

ఇక ఇలియడ్ 24వ సర్గ. అంతకు ముందు 22వ సర్గలో హెక్టర్ కొనప్రాణంతో ఉండి అడిగింది ఒక్కటే: నా దేహాన్ని మావాళ్లకు అప్పగించు, నీకు కంచు, బంగారం ఇస్తారు. అకిలీస్ ఒప్పుకోలేదు. మడమల దగ్గర చిల్లులు పొడిచి, తోలు పట్టెలు దూర్చి, రథానికి కట్టి ఈడ్చుకుపోయాడు. పాట్రొక్లస్ సమాధి చుట్టూ మూడేసి సార్లు ఈడ్చి, దుమ్ములో బోర్లా వదిలేసేవాడు. దేహం చెడకుండా అపొల్లో కాపాడాడు కానీ, దేవతల్లోనే తగవు పుట్టింది. అకిలీస్ తన ఉన్మాదంలో మూగ మట్టిని అవమానిస్తున్నాడని అపొల్లో అంటాడు. శవాన్ని మట్టి అనడం ఎంత సహజంగా వచ్చిందో గమనించండి.

హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు ప్రయామ్ ఒక ముసలి బండివాణ్ణి మాత్రమే తోడు తీసుకుని, రాత్రివేళ శత్రు శిబిరానికి బయలుదేరాడు. దారిలో దేవతల దూత హెర్మీస్ ఎదురై తోడువచ్చాడు. లోపలికి వచ్చిన ముసలివాడు అకిలీస్ మోకాళ్లు పట్టుకుని, తన కొడుకులను చంపిన ఆ చేతులను ముద్దుపెట్టుకుని, నీ తండ్రిని తలుచుకో అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. ఒకరు హెక్టర్ కోసం, ఇంకొకరు ఒకసారి తండ్రి కోసం, ఒకసారి పాట్రొక్లస్ కోసం. ఆ కన్నీళ్ల గురించి అందరూ మాట్లాడతారు. నాకు ఆ తర్వాత వచ్చే ఒక చిన్న వివరం మీద ఎక్కువ మక్కువ. హెక్టర్ దేహానికి స్నానం చేయించమని దాసీలతో చెబుతూ, ప్రయామ్ కంటపడకుండా అవతలికి తీసుకెళ్లి చేయించమంటాడు అకిలీస్. ఎందుకంటే కొడుకును చూసి ముసలివాడు కోపం ఆపుకోలేకపోవచ్చు, అప్పుడు తానూ ఆపుకోలేక అతణ్ణి చంపేయవచ్చు. తన కోపాన్ని తానే నమ్మని మనిషి, ముందుజాగ్రత్తగా దానికి అడ్డుగోడ కడుతున్నాడు. తర్వాత శవాన్ని తన చేతులతో ఎత్తి పాడె మీద పెట్టి, పాట్రొక్లస్‌ను క్షమాపణ అడుగుతాడు. బిడ్డలందరినీ పోగొట్టుకున్న నియొబీ కూడా ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక అన్నం మాట తలుచుకుందని చెప్పి, ప్రయామ్ చేత భోజనం చేయిస్తాడు. చావింట్లో ఎవరో ఒకరు వచ్చి రెండు ముద్దలు తినమని బలవంతపెట్టడం మనమందరం చూసినదే. ఆ పని ఇక్కడ చంపినవాడే చేస్తున్నాడు.

ఎన్ని రోజులు కావాలని అకిలీస్ అడుగుతాడు. తొమ్మిది రోజులు ఇంట్లో ఏడుస్తాం, పదో రోజు సంస్కారం చేస్తాం, పదకొండో రోజు దిబ్బ పోస్తాం, పన్నెండో రోజు యుద్ధం చేస్తాం, తప్పదంటే, అంటాడు ప్రయామ్. ఆ తప్పదంటే అన్న మాటను ఏ వ్యాఖ్యానమూ మోయలేదు.

మన భారతంలో స్త్రీపర్వం ఉంది. తిక్కన తెలుగులో దాన్ని చదివినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. అక్కడ ధర్మరాజు ఇరుపక్షాల వారికీ, దిక్కులేని శవాలకు కూడా దహనం చేయిస్తాడు. ఆ పని చేయాలా వద్దా అన్న తగవు అక్కడ పుట్టదు. గంగ ఒడ్డున తర్పణాల వేళ కర్ణుడు ఎవరన్న నిజం బయటపడడం దగ్గర ఆ పర్వం బరువంతా ఉంది. గ్రీకులకు మాత్రం తగవే ముఖ్యం.

కావ్యం నుంచి యుద్ధభూమికి వద్దాం. గ్రీకు నగరాలు ఒకదానితో ఒకటి పోరాడినప్పుడు, పోరు ముగిశాక మైదానం ఎవరి చేతిలో ఉంటే వారు విజయచిహ్నం నిలబెట్టేవారు. ఎదుటివారు దూతను పంపి, మా మృతులను తీసుకుపోతాం, సంధి ఇవ్వండి అని అడిగేవారు. అలా అడగడమంటే ఓటమి ఒప్పుకున్నట్టే. క్రీ.పూ. 425లో ఏథెన్స్ సేనాని నికియాస్ కొరింత్ నేల మీద గెలిచి, చిహ్నం నిలబెట్టి, ఓడ ఎక్కాక రెండు శవాలు వెనుక మిగిలిపోయాయని తెలిసింది. అతడు ఓడలు ఆపి, దూతను పంపి, ఆ రెండు శవాలను అడిగి తెచ్చుకున్నాడు. అలా అడిగితే గెలుపు మీద హక్కు వదులుకున్నట్టేనని, ఇద్దరు పౌరులను మట్టి లేకుండా వదలడం కన్నా ఆ కీర్తిని వదులుకోవడమే మేలని నికియాస్ తలచాడని తర్వాతి కాలపు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాస్తాడు. పన్నెండేళ్ల తర్వాత, 413లో, అదే నికియాస్ సిసిలీలో సిరక్యూస్ దగ్గర ఓడిపోయి సైన్యంతో వెనుదిరిగినప్పుడు, చచ్చినవారిని ఎక్కడివారినక్కడే వదిలేసి నడవవలసి వచ్చింది. పడి ఉన్న స్నేహితుణ్ణి చూసి ఒక్కొక్కరూ దుఃఖంతోనూ భయంతోనూ కుంగిపోయారని ఆ కాలపు చరిత్రకారుడు తుసిడిడిస్ రాశాడు. ఆ రెండు శవాల కోసం ఆగిన మనిషే ఇతడని ఆయన గుర్తుచేయడు. గుర్తుచేయనక్కరలేదని అనుకున్నాడేమో.

శత్రువు గ్రీకువాడు కాకపోతే? క్రీ.పూ. 490లో మారథాన్‌లో 192 మంది ఏథెన్స్ వారు చనిపోయారు. వారిని అక్కడే ఖననం చేసి పోసిన దిబ్బ ఇప్పటికీ ఉంది. పారశీకులు 6,400 మంది చనిపోయారని హెరొడోటస్ లెక్క. క్రీ.శ. 2వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన యాత్రికుడు పసేనియస్, మనిషి శవాన్ని మట్టితో కప్పడం దైవధర్మం కాబట్టి పారశీకులను కూడా పూడ్చామని ఏథెన్స్ వారు చెబుతారనీ, తనకు మాత్రం ఒక్క సమాధి కూడా కనిపించలేదనీ రాశాడు. ధర్మం ఉంది, సమాధి లేదు! క్రీ.పూ. 479లో ప్లటేయా యుద్ధంలో పారశీక సేనాని మర్దోనియస్ చచ్చినప్పుడు, అంతకు ముందు ఏడాది పారశీక రాజు క్షయార్ష స్పార్టా రాజు లియోనిడస్ తల నరికించి కొరత వేయించినందుకు ప్రతిగా ఇతణ్ణీ కొరత వేయమని ఒకడు స్పార్టా సేనానికి సలహా చెప్పాడు. అది అనాగరికులకు తగిన పని, వాళ్లు చేసినా మనం ఏవగించుకుంటాం అని ఆ సేనాని కసిరాడట. ఆ సేనాని పేరు కూడా పసేనియస్సే, ఇద్దరినీ కలపకండి.

ఇప్పుడు ఆంటిగొని. క్రీ.పూ. 441 ప్రాంతంలో సొఫొక్లిస్ ఈ నాటకం ఆడించాడు. థీబ్స్ సింహాసనం కోసం ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్నారు. నగరాన్ని కాపాడిన ఎటియోక్లిస్‌కు సకల మర్యాదలు; పరాయి సైన్యంతో దండెత్తి వచ్చిన పాలినైసిస్‌ను పూడ్చినవారికి మరణదండన. ఇది వారి మేనమామ, కొత్త రాజు క్రెయాన్ ఆజ్ఞ. చెల్లెలు ఆంటిగొని వెళ్లి అన్న శవం మీద గుప్పెడు పొడిమట్టి చల్లి, మూడుసార్లు ధార పోసింది. గొయ్యి తవ్వలేదు, చితి పేర్చలేదు. ఆచారానికి ఆ మట్టి చాలు. పట్టుబడ్డాక, మనిషి వేయించిన చాటింపు దేవతల రాయని ధర్మాలను మించదని రాజు ముఖం మీదే చెప్పింది.

మనం ఈ నాటకాన్ని ధర్మానికీ అధికారానికీ పోరుగా చదువుకుని, క్రెయాన్‌ను ప్రతినాయకుణ్ణి చేసి పక్కన పెడతాం. ఆనాటి ప్రేక్షకుడికి అంత తేలిక కాదు. దేశద్రోహులను, గుళ్లు దోచినవారిని ఏథెన్స్ ఏలుబడిలోని అట్టికా నేలలో పూడ్చకూడదని ఏథెన్స్‌లోనే చట్టం ఉంది. సలామిస్ సముద్రయుద్ధంలో గ్రీసును గట్టెక్కించిన థెమిస్టొక్లిస్ అంతటివాడు ద్రోహి అన్న ముద్రతో పరాయి దేశంలో చనిపోతే, అస్థికలను బంధువులు రహస్యంగా తెచ్చి అట్టికాలో పూడ్చారన్న మాట వ్యాపించింది. కాబట్టి క్రెయాన్ ఆజ్ఞ విన్నప్పుడు నాటకశాలలో కూర్చున్నవారికి అందులో తమ చట్టం గొంతు కొంత వినిపించే ఉంటుంది. తేడా ఒకటుంది. ఏథెన్స్ చట్టం సరిహద్దు దాటించి ఎక్కడైనా పూడ్చుకోనిస్తుంది. క్రెయాన్ ఊరి ముందే కుక్కలకు వదిలేశాడు. ఆ శవమాంసాన్ని కుక్కలూ పక్షులూ తెచ్చి దేవతల బలిపీఠాలను మైలపరిచాయని గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చి చెబుతాడు: కింద ఉండవలసిన వాణ్ణి పైన ఉంచావు, పైన ఉండవలసిన దాన్ని బతికుండగానే సమాధిలో పెట్టావు. క్రెయాన్ దిగివచ్చి, ముందు పాలినైసిస్‌కు సంస్కారం చేసి, తర్వాత ఆంటిగొనిని మూసిన గుహకు వెళ్లాడు. అప్పటికే ఆమె ఉరివేసుకుంది.

క్రీ.పూ. 424లో డీలియం దగ్గర నాటకం నిజమైంది. దాదాపు వెయ్యిమంది ఏథెన్స్ సైనికులు చనిపోతే, మా అపొల్లో గుడిని ఆక్రమించి కూర్చున్నారు, అది ఖాళీ చేస్తేనే శవాలిస్తామని బియోషియా వారు మొండికేశారు. గుడిని తిరిగి పట్టుకునేదాకా, పదిహేడు రోజుల పాటు, ఆ శవాలు అలాగే ఉన్నాయి. బియోషియా ముఖ్యనగరం థీబ్స్. ఆ తర్వాత కొద్ది కాలానికే వచ్చిందని పండితులు భావించే యూరిపిడిస్ నాటకంలో, కొడుకుల శవాలను థీబ్స్ ఇవ్వడం లేదని ఆర్గోస్ తల్లులు ఏథెన్స్ రాజు థీసియస్ కాళ్లు పట్టుకుంటారు. అతడు యుద్ధం చేసి ఆ శవాలు తెచ్చి, తన చేతులతో కడుగుతాడు. కథ పురాణకాలపుది, పుండు మాత్రం నిన్నటిది.

తన మృతులను ఏథెన్స్ ఎలా చూసుకునేదో తుసిడిడిస్ వర్ణించాడు. యుద్ధంలో పోయినవారి అస్థికలను శీతకాలంలో గుడారంలో ఉంచేవారు. ఒక్కో తెగకు ఒకటి చొప్పున పది సైప్రస్ చెక్క పెట్టెలు. దేహం దొరకని వారి కోసం పదకొండోదిగా ఒక ఖాళీ పాడెను అలంకరించి మోసేవారు. ఆ ఖాళీ పాడెను మనసులో ఉంచుకోండి.

క్రీ.పూ. 406లో లెస్బోస్ ద్వీపం పక్కన అర్గినూసాయి దీవుల దగ్గర ఏథెన్స్ నౌకాదళం స్పార్టా మీద పెద్ద విజయం సాధించింది. తమవి 25 ఓడలు పోయాయి. ఒక్కో ఓడలో దాదాపు రెండు వందల మంది. నీళ్లలో ఉన్నవారిని ఎక్కించుకోవడానికి థెరమెనిస్, థ్రసిబ్యులస్ అనే ఓడనాయకులకు 47 ఓడలు అప్పగించారు. ఇంతలో తుఫాను లేచింది, ఎవరూ కదలలేకపోయారు. బతికున్నవారిని వదిలేయడం అసలు నేరమా, చచ్చినవారిని తేకపోవడమా అన్నచోట రాతలు ఒకేలా లేవు: ఆ కాలపు చరిత్రకారుడు జెనోఫాన్ మునిగిన ఓడలవారి గురించి మాట్లాడతాడు, తర్వాతి కాలపు డయొడోరస్ మృతదేహాల మీద నొక్కిచెబుతాడు. సముద్రానికి ఆ తేడా లేదనుకోండి.

గెలిచిన ఎనిమిదిమంది సేనానులను పదవుల నుంచి తీసేశారు. ఇద్దరు ఇంటికే రాలేదు, ఆరుగురు వచ్చారు. మొదటి సభలో వారి మాటలకు జనం మెత్తబడ్డారు కానీ, చీకటి పడి ఎత్తిన చేతులు లెక్కపెట్టలేక వాయిదా వేశారు. ఈలోగా అపటూరియా పండుగ వచ్చింది. కుటుంబాలన్నీ ఒకచోట చేరే పండుగ అది. ఎవరింట్లో ఎవరు లేరో ఆ రోజు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తలలు గొరిగించుకుని నల్లబట్టలు కట్టుకున్నవారు తర్వాతి సభకు వచ్చారు. థెరమెనిస్ మనుషులే వాళ్లను చనిపోయినవారి బంధువులుగా నటించమని తెచ్చారని జెనోఫాన్ అంటాడు. నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. అన్ని ఓడలు పోయిన ఊళ్లో గుండు చేయించుకోవడానికి అద్దె మనుషులు కావాలా? పిండి పీపా పట్టుకుని ఈది బతికానని, మునిగిపోతున్నవారు తమ మాట ఊరివారికి చెప్పమన్నారని ఒకడు సాక్ష్యం చెప్పాడు. కల్లిక్సెనస్ అనేవాడు అందరి మీదా కలిపి ఒకే ఓటు వేయాలన్నాడు. విడివిడిగా విచారించడమే చట్టమని యూరిప్టొలెమస్ వాదిస్తే, ప్రజలు కోరింది చేయనివ్వకపోవడం ఘోరమని జనం అరిచారు. ఆ రోజు సభ నడిపే పెద్దల్లో ఒక్కడు తప్ప అందరూ భయపడి ఒప్పుకున్నారు. ఆరుగురికీ మరణశిక్ష పడింది. అందులో ఒకడు ఏథెన్స్ మహానాయకుడు పెరిక్లిస్ కొడుకు, అతడి పేరూ పెరిక్లిసే. పాతికేళ్ల క్రితం ఆ ఖాళీ పాడె వెనుక నిలబడి మృతులను కీర్తిస్తూ ప్రసంగించినవాడు ఇతడి తండ్రి.

జనం తర్వాత పశ్చాత్తాపపడ్డారు. కల్లిక్సెనస్‌ను అందరూ అసహ్యించుకుంటే ఆకలితో చచ్చాడు. 404లో ఏథెన్స్ స్పార్టాకు లొంగిపోయింది. మృతుల పట్ల ఏథెన్స్‌కు ఉన్న నిష్ఠే, అంటే ఆంటిగొనిలో మనం మెచ్చుకునే ఆ నిష్ఠే, ఆ రోజు సభలో గుంపు చేతి ఆయుధమైంది. ఇలియడ్‌లో అకిలీస్ తన కోపానికి అడ్డుగోడ కట్టుకున్నాడు, ఈ సభ ఆ పని చేయలేకపోయింది.

భయపడని ఆ ఒక్కడు సోక్రటీస్. ఏడేళ్ల తర్వాత, 399లో, అతడికీ మరణశిక్ష పడింది. ఆ చివరి సాయంత్రాన్ని ప్లేటో వర్ణించాడు. నిన్ను ఎలా పూడ్చమంటావని ముసలి మిత్రుడు క్రైటో అడిగాడు. మీ ఇష్టం, నేను మీకు చిక్కితే కదా అని సోక్రటీస్ నవ్వాడు. దేహం తాను కాదని పొద్దుటి నుంచీ చెబుతున్నా క్రైటోకు పట్టలేదని మిగతావారితో అన్నాడు. ఇంతా చెప్పినవాడు, విషం తాగే ముందు లేచి పక్కగదిలోకి వెళ్లి స్నానం చేసి వచ్చాడు. తర్వాత శవానికి స్నానం చేయించే శ్రమ ఆడవాళ్లకు తప్పుతుందని.